ఆఖరి లైటు వచ్చేదాకా పొయ్యి

నా ఎంబీఏ పట్టా ఇనుప బీరువాలో, చీరల అడుగున ఉంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించమని ఇంట్లోవాళ్లు చాలాసార్లు అన్నారు. గోడకు బల్లులున్నాయి, చాలులే అని దాటవేశాను. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తే నాకు రోత. దాని కోసం రాసిన ప్రాజెక్టు రిపోర్టు కూడా అక్కడే ఉంది. స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట. చీర తీసేటప్పుడు వేలికి తగిలితే చేయి కడుక్కోవాలనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు కడుక్కున్నాను కూడా.

మా నాన్న గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు తోసి బతికాడు. నేను పట్టా మీద బతకాలనుకున్నాను. ఆయనకు ఒంట్లో బాగుండక పని మానేస్తే ఆ ఉద్యోగం నాకు వచ్చింది. మొదట గని ల్యాంప్ రూంలో వేశారు, కొన్నేళ్లకు ఆఫీసులో గుమస్తాను చేశారు. నలభై దాటాక జూనియర్ ఆఫీసరు పోస్టులు పడుతున్నాయనీ, మేనేజ్‌మెంట్ చదివినవాళ్ల వైపు మొగ్గు ఉంటుందనీ విని దూరవిద్యలో చేరాను. అప్పటికి నాకు తెలిసిన మేనేజ్‌మెంట్ ఒక్కటే. చక్కెర అయిపోయిన రోజున చుట్టాలు రాకుండా చూసుకోవడం.

క్లాసులు ఆదివారాలు, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ మేడ మీద. కింద చికెన్ షాపు. కోళ్లను వేడినీళ్లలో ముంచిన వాసన మెట్లెక్కి మాకంటే ముందే వచ్చి బెంచీల మీద కూర్చునేది. పాఠం చెప్పే సారు గైడు చూసి చదివేవాడు. పేజీ తిప్పడానికి చూపుడువేలు నాలుకకు రాసుకునేవాడు. అదే వేలితో మా అసైన్‌మెంట్లు దిద్దేవాడు. నా కాగితాలు నాకు తిరిగి వచ్చేసరికి మూలలు మెత్తబడి ఉండేవి. చదువు ఇంత తడిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అయినా ఆయనకు షాపు బాగా ఉపయోగపడేది. గిరాకీ, సరఫరా చెప్పే రోజున కిటికీలోంచి కిందికి చూపించి, "ఆదివారం కోడి రేటు ఎందుకు పెరుగుతది? చెప్పుండ్రి," అన్నాడు.

వెనక బెంచీలో రామకృష్ణాపూర్ నుంచి వచ్చే ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. "ఆదివారం డ్యూటీకి డబల్ జీతం గద సార్, కోడికి గూడ," అన్నాడు.

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. గైడులో అలా లేదు.

తగ్గిపోయే ప్రయోజనం గురించిన సూత్రాన్ని మాత్రం నేను సొంతంగా పరీక్షించి చూశాను. మా గని క్యాంటీన్‌లో మిర్చీలు తిని. మొదటి మిర్చి స్వర్గం. రెండోది పర్వాలేదు. మూడోది మొహమాటం. నాలుగోదానికి నూనె గొంతులో నిలబడింది. పొద్దున్నుంచి కాగి కాగి, గనిలో ఊరే నీళ్ల రంగుకు వచ్చిన నూనె అది. ఐదోది చేతిలో పట్టుకుని బయటికి పరిగెత్తాను. ఆ సూత్రం నా కడుపుకే ముందు అర్థమైంది, నెత్తికి ఎక్కడానికి ఇంకో వారం పట్టింది.

తర్వాత చదువు పిచ్చి పట్టుకుంది. పప్పులో రాళ్లు ఏరుతూ 'ప్లానింగ్, ఆర్గనైజింగ్, స్టాఫింగ్, డైరెక్టింగ్, కంట్రోలింగ్' అని జపం చేసేదాన్ని. రాళ్లు మాత్రం పప్పులోనే ఉండిపోయేవి. అన్నిటికంటే నచ్చింది ఉపాంత వ్యయం. ఇంకొక్కటి ఎక్కువ చేయాలంటే ఎంత అదనపు ఖర్చు, దానివల్ల ఎంత అదనపు లాభం అని చూడాలి. ఖర్చు లాభాన్ని దాటిన చోట ఆపేయాలి.

"గీత గీకుండ్రి మేడం," అన్నాడు సారు, బోర్డు మీద రెండు గీతలు కలిసిన చోట సుద్దముక్క నొక్కి. "గీడికెళ్లి అవుతల ఏం జేసినా వేస్టు. ఎంత మంచి పనైనా సరే, వేస్టు."

ఎంత మంచి పనైనా సరే. నేను ఆ మాటను అలాగే నోటుబుక్కులో రాసుకున్నాను. కింద గీత కూడా గీసుకున్నాను. ఉపాంతం అనగానే నాకు ఉప్మా గుర్తొచ్చింది. ప్రాస కోసం కాదు, నిజంగానే.

మా గనిలో మొదటి షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి అయిపోతుంది. రెండో షిఫ్టువాళ్లు దిగిపోయాక క్యాంటీన్‌లో పనుండదు. గిన్నెలు కడిగి తాళం వేసుకోవచ్చు. కానీ అక్కడ వండే అక్క ఒక పొయ్యి ఆర్పేది కాదు. నాకంటే పదేళ్లు పెద్ద, కాంట్రాక్టరు కింద పనిచేసేది. సన్నమంట మీద ఉప్మా గిన్నె పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ల్యాంప్ రూం కిటికీ దగ్గరికి వచ్చేది.

"ఎన్ని చెల్లె?"

ల్యాంప్ రూంలో ఉన్నన్నాళ్లూ నేను బోర్డు చూసి చెప్పేదాన్ని. గనిలోకి దిగే ప్రతి మనిషీ తలకు పెట్టుకునే లైటు మా దగ్గర తీసుకుని, తన నంబరున్న ఇత్తడి బిళ్ల మాకిచ్చి పోతాడు. మేము దాన్ని ఆ షిఫ్టు బోర్డు మీద మేకుకు తగిలిస్తాం. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. అంటే బోర్డు మీద ఎన్ని బిళ్లలుంటే ఆ షిఫ్టువాళ్లు అంతమంది ఇంకా కింద ఉన్నట్టు. షిఫ్టు అయిపోయినా రోజూ ముగ్గురో నలుగురో ఆగిపోయేవారు. గనిలో ఊరే నీళ్లు తోడే పంపు నడిపే కాక ఎప్పుడూ ఆఖరే. బదులు మనిషి వచ్చేదాకా ఆయన పంపు వదిలి కదలకూడదు, ఆ తర్వాత అంత దూరం నడిచి రావాలి. నేను 'మూడు' అంటే అక్క మూడు ప్లేట్లకు సరిపడా ఉంచి మిగతాది తీసేసేది. ఆఖరి లైటు వచ్చాకే పొయ్యి కట్టేసేది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఏ రిజిస్టరులోనూ లేదు. అక్క కంటే ముందు వండిన ఆమె కూడా అలాగే చేసేదట.

ఒకసారి అడిగాను, "ఎందుకక్కా, కట్టేసి పోరాదు?" అని.

నన్ను వింతగా చూసింది. "కింద మనిషి ఉండంగ మీద పొయ్యి ఆర్పుతరా ఎవలన్న?"

ప్రాజెక్టు రాయాల్సి వచ్చినప్పుడు నేను ఎంచుకున్న విషయం ఇదే. 'గని క్యాంటీన్‌లో వనరుల వినియోగం.' చేతికి దగ్గరగా ఉంది, ఎక్కడికీ తిరగనక్కర్లేదు. నెలరోజులు మధ్యాహ్నం పూట నోటుబుక్కు పట్టుకుని క్యాంటీన్‌లో కూర్చున్నాను. అక్క నాకు స్టూలు తుడిచి వేసేది. అడిగినవన్నీ చెప్పేది. గ్యాసు ఎన్ని రోజులొస్తుంది, ఎంతసేపు మంట పెడుతుంది, ఎవరు ఎన్నింటికి వస్తారు, అన్నీ. చెబుతూ చెబుతూ పైకి చూపించేది.

"రేకులు కారుతున్నయని రాయి చెల్లె. వానొస్తె పిండిల పడుతున్నయ్ నీళ్లు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు రాస్తె సార్లు ఇంటరు."

తన క్యాంటీన్ బాగు కోసమే రాస్తున్నాననుకుంది. నేను కాదనలేదు. ఆమె పెట్టిన మిర్చీలు తిన్నాను, నాలుగోది వచ్చేలోపు ఆగుతూ.

రిపోర్టులో రేకుల మాట లేదు. పాఠాల్లో రేకులు లేవు. ఆ నల్లనూనెను మళ్లీ మళ్లీ కాచడం మాత్రం 'వనరుల గరిష్ఠ వినియోగం' కింద, మెచ్చుకోలుగా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నూనె మళ్లీ గొంతులోకి వస్తుంది. ఇంకో చోట ఇలా రాశాను: 'కొద్దిమంది వినియోగదారుల కోసం ఒక పొయ్యి, ఒక శ్రామికురాలు ప్రతిరోజూ గంటకు పైగా నిరుపయోగంగా నిలిచిపోతున్నాయి.' అక్కను, పొయ్యిని కలిపి ఒకే క్రియకు కట్టేశాను. తప్పని అనిపించలేదు. గంభీరంగా అనిపించింది. వంటగది మూడున్నరకల్లా మూసేసి, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం బయట ఒక బీరువాలో బిస్కెట్ ప్యాకెట్లు పెడితే చాలునని సూచించాను. ఒక గ్రాఫు కూడా గీశాను. రెండు గీతలు కలిసిన చోట చుక్క పెట్టాను. ఆ చుక్క దగ్గర అక్క ఉంది.

ఇంకొకటి కూడా రాయలేదు. అసలు సంగతి అదే.

నేను ల్యాంప్ రూంలో ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఊడుస్తుంటే బోర్డు మీంచి ఒక బిళ్ల రాలింది. ఎవరో పిలిచారు. తర్వాత పెడదామని డ్రాయరులో వేసి మర్చిపోయాను. అక్క కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నీ వచ్చినయక్కా. పొయ్యి కట్టేసుకో," అన్నాను.

"అన్నీ ఎట్లొస్తయ్? పంపు కాడి కాక రాలే గద. ఆయన ప్లేటు అట్లనే ఉన్నది."

"తినకుండ ఇంటికి పోయిండేమో."

"షుగర్ మనిషి తినకుండ పోతడా? నువ్వు ఫోన్ జెయ్యి. నువ్వు జేసేదాక నేను గీడికెళ్లి కదల."

నేను విసుక్కుంటూనే కిందికి ఫోన్ చేశాను. కాక దారిలో కాలు మడతపడి, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. ఫోను ఆయనకు అందేంత దూరంలో లేదు. రెండో షిఫ్టు మనుషులు వెతుక్కుంటూ పోయి భుజాల మీద మోసుకొచ్చారు. ల్యాంపులు పెట్టే అరలో ఆయన గడి ఖాళీగా నా మొహంలోకి చూస్తూనే ఉంది, నేనే చూడలేదు. ఆ సాయంత్రం డ్రాయరులోంచి బిళ్ల తీసి కాక చేతిలో పెట్టాను. కాక ఎవరికీ చెప్పలేదు. అక్క కూడా చెప్పలేదు. మా ముగ్గురి మధ్యే ఉండిపోయింది.

అంటే ఆ పొయ్యి, గనిలో ఉన్నవాళ్లకు రెండో లెక్క. బోర్డు తప్పితే ప్లేటు చెబుతుంది. ఇది రాస్తే నా గ్రాఫు నిలవదు. పైగా బోర్డు ఎందుకు తప్పిందో కూడా రాయాలి. అందుకని రాయలేదు. సూత్రాలు నాకు బాగానే వంటపట్టాయి. ఏది లెక్కలోకి తీసుకోకూడదో తెలుసుకోవడమే వాటిలో మొదటిది.

సారు రిపోర్టు చదివి, చూపుడువేలు నాకి, ఆఖరి పేజీలో మంచి మార్కులు వేశాడు. "అప్లికేషన్ అంటె గిది మేడం. మీ మేనేజర్‌కు చూపియ్యుండ్రి," అన్నాడు. ఆయన చెప్పకపోయినా చూపించేదాన్నే. మేనేజరు సారు కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు, కాగితం పూర్తిగా చదివే అలవాటున్నవాడు. చదివి, "ఇన్నాళ్లూ మా కళ్లకు కనిపించలేదమ్మా ఇది," అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

నెల తిరక్కుండానే మూడున్నరకు క్యాంటీన్ షట్టరు దిగింది. మధ్యాహ్నం పూట మనిషి అక్కర్లేదని కాంట్రాక్టరు అక్కను నెలాఖరుకు మానుకోమన్నాడు. బీరువాలో బిస్కెట్లు పెట్టారు. తాళంచెవి గేటు దగ్గర సెక్యూరిటీ చేతికి ఇచ్చారు. నిర్వహణ నేర్చుకుందామని వెళ్లినదాని నిర్వాకం ఇది.

ఆ వారంలోనే ఒకరోజు నాలుగు దాటాక ఏదో కాగితం పట్టుకుని ల్యాంప్ రూం వైపు వెళ్తున్నాను. కాక పైకి వచ్చి లైటు ఇచ్చి, అలవాటు కొద్దీ క్యాంటీన్ దాకా నడిచి, షట్టరు ముందు నిలబడ్డాడు. సెక్యూరిటీ అతను తాళంచెవి తెచ్చి బీరువా తీశాడు. పై ప్యాకెట్లను ఎలుకలు కొరికేశాయి. కింద ప్యాకెట్ల మీద వాటి పెంటికలు. కాక ఒక ప్యాకెట్ ఎత్తి, వాసన చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. నల్లా దగ్గర నీళ్లు తాగి మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. నా బ్యాగులో పొద్దుటి అరటిపండు ఒకటి ఉంది, నల్లబడింది. ఇచ్చాను. వద్దనకుండా తిన్నాడు.

"నువ్వే రాసినవంట గద బిడ్డా," అన్నాడు తొక్క చేతిలో పట్టుకుని. "మంచిగ రాసినవని సార్లు అంటున్నరు."

నేను బ్యాగు జిప్పు మూసుకున్నాను.

"నీ లెక్కల నాకు కలిసి రాదే. అప్పుడు లెక్క తప్పి నన్ను మర్చిపోయినవ్. ఇప్పుడు లెక్క జేసి తప్పిచ్చినవ్."

నవ్వుతూనే అన్నాడు. మా నాన్నతో కలిసి పనిచేసినవాడు, నన్ను తిట్టడం ఆయనకు చేతకాదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మేనేజరు సారు దగ్గరికి వెళ్లాను. ఆ పొయ్యి వృథా కాదనీ, కింద ఎవరున్నారో చెప్పే రెండో లెక్క అనీ, ఒకసారి బోర్డు తప్పితే అక్క తీసిపెట్టిన ప్లేటే పట్టించిందనీ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి శ్రద్ధగా విన్నాడు.

"ఇది మీ రిపోర్టులో లేదేమ్మా?"

"అప్పుడు తట్టలేదు సార్."

"భద్రత విషయమైతే నేను కాదనలేను. పొయ్యి మళ్లీ పెట్టిస్తా, ఆమెనూ ఉంచమని చెప్తా. కానీ నోటి మాట మీద కుదరదు. రాసివ్వండి. ఎప్పుడు జరిగింది, ఏ షిఫ్టు, ల్యాంప్ రూంలో ఎవరున్నారు, బోర్డు ఎందుకు తప్పింది. పేరుతో సహా. ఈ నెలాఖరులోపు."

"సరే సార్," అన్నాను.

ఆఫీసరు పోస్టు ఇంటర్వ్యూ కూడా ఆ నెలాఖరుకే.

కాగితం తీసుకుని కూర్చున్నాను. 'గౌరవనీయులైన మేనేజరు గారికి' దాకా బాగానే వచ్చింది. గరిష్ఠ వినియోగం లాంటి మాటలు చెట్టంత పొడుగున రాసిన చేతికి, 'బిళ్ల డ్రాయరులో వేసి మర్చిపోయింది నేను' అనే చిన్న వాక్యం రాలేదు. రేపు రాద్దామనుకున్నాను. రేపు ఆదివారం, క్లాసు. ఎల్లుండి ఇంట్లో పని. మధ్యలో అక్క ఒకసారి ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"చెల్లె, సారుకు ఏదో రాసిస్తనన్నవంట. కాక చెప్పిండు. రాసినవా?"

"రాస్తున్నక్కా."

"నిమ్మలంగ రాయి. పనులుంటయ్ నీకు," అని వెళ్లిపోయింది. నన్ను తొందర పెట్టకూడదని మళ్లీ రాలేదు. నిమ్మళం నాకు బాగా పనికొచ్చింది. నెలాఖరు అయిపోయింది. మేనేజరు సారు అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పాలో మాత్రం నేను రెండు రకాలుగా తయారు చేసి పెట్టుకున్నాను. ప్లానింగ్ అంటే అదే కదా.

ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు గురించే అడిగారు. గ్రాఫు గీసి చూపించాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా టీ వేరే ఫ్లాస్కులో, పింగాణీ కప్పులో వస్తుంది. దాంట్లో కూడా ఆ నూనె వాసనే నాకు.

ఆర్డరు వచ్చిన వారానికి ఆఫీసు నుంచి నాలుగున్నరకు బయలుదేరి అక్క ఇంటికి వెళ్లాను. కాలనీ వెనక రెండు గదుల రేకుల ఇల్లు. ఏదో హాస్టల్‌లో అంట్లు తోమడానికి కుదిరిందని విన్నాను. చేతిలో స్వీటు డబ్బా. ఏ మొహంతో కొన్నానో తెలియదు. గుమ్మంలో నిలబడ్డాక దాన్ని వెనక్కి దాచుకోవాలనిపించింది, కానీ డబ్బా పెద్దది.

"పెద్ద మేడం అయినవట గద," అంది అక్క. డబ్బా అందుకుని, తెరిచి, మొదటి ముక్క నా నోట్లోనే పెట్టింది. "కూసో. ఉప్మా జేస్త. గిప్పుడే ఆఫీసుకెళ్లి వచ్చినవ్, ఆకలైతది."

వద్దన్నాను. వినలేదు. పొయ్యి వెలిగించి రవ్వ వేయిస్తూ అడిగింది.

"నీ పుస్తకంల నేనున్ననా చెల్లె?"

"ఉన్నవక్కా."

"రేకుల సంగతి రాసినవా? ఏసిండ్రా కొత్తవి?"

"ఇంకా లేదక్కా."

"ఏస్తరు తియ్యి. సర్కారు పని గద." కాసేపు గరిటె తిప్పింది. "నువ్వు ఆ కాయిదం రాయకపోయినా ఏం లేదు. నాకు సమజైంది. నీకూ పిల్లలున్నరు."

స్వీటు ముక్క నా నోట్లో ఇంకా కరగలేదు. మింగలేక, ఉమ్మలేక, దవడకు పెట్టుకుని కూర్చున్నాను. ప్లేటులో ఉప్మా వేసి నా చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గోడ గడియారం వైపు చూసింది.

"నువ్వచ్చేటప్పటికి ఎన్ని ఉన్నయ్ చెల్లె కింద?"

నేను బోర్డు చూసి రాలేదు. ఆఫీసులోకి మారాక చూడటం మానేశాను. ఆఫీసరునయ్యాక ఆ కిటికీ ముందునుంచి నడవడం కూడా మానేశాను.

"మూడు," అన్నాను.

అక్క తల ఊపి, గిన్నెలో మిగిలిన ఉప్మా మీద మూత పెట్టింది. మంట తగ్గించింది. ఆర్పలేదు.